మేనేజర్ పలకడం లేదా? ఈ సలహాలు మాత్రం వినకండి

అపార్ట్‌మెంట్ కమిటీలోకి కొత్తగా వచ్చినవాళ్లకి మొదటి నెలలోనే ఎదురయ్యే తలనొప్పి ఒకటుంది. ఫెసిలిటీ మేనేజర్ పలకడు. ఫోన్ చేస్తే ఎత్తడు. మెసేజ్ పెడితే నీలం టిక్కులు పడతాయి, జవాబు మాత్రం రాదు. ఎదురుపడితే "చూస్తున్నా సార్, రేపటికల్లా అయిపోతుంది" అంటాడు. ఈలోగా సి బ్లాకు లిఫ్టు ఆగే ఉంటుంది, బేస్‌మెంట్‌లో నీళ్లు కారుతూనే ఉంటాయి, మెయింటెనెన్స్ కట్టేవాళ్లంతా కమిటీ మీద పడతారు. సలహాలు మొదలయ్యేది అప్పుడే. పాత ప్రెసిడెంటు గారు ఒకటి చెబుతారు, పక్క కమ్యూనిటీ సెక్రటరీ ఇంకొకటి చెబుతారు, వాకింగ్‌లో కలిసినవాళ్లు మరొకటి చెబుతారు. హైదరాబాద్‌లో మియాపూర్ నుంచి నల్లగండ్ల దాకా, మణికొండ నుంచి కొంపల్లి దాకా ఏ గేటు దాటి లోపలికి వెళ్లినా ఇవే సలహాలు. వీటిలో చాలావరకు తప్పు. కొన్ని ప్రాణం మీదకి తెచ్చేవి కూడా ఉన్నాయి. కమిటీ పనిలో ఉన్నవాడిగా, వీటిని పాటించిన చోట్ల ఏం జరుగుతుందో దగ్గర నుంచి చూస్తున్నాను కనుక ఇది రాస్తున్నాను.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. ఆ మేనేజర్ ఎవరి మనిషి? చాలా కమ్యూనిటీల్లో అతను అసోసియేషన్ ఉద్యోగి కాదు. ఒక ఏజెన్సీ అతన్ని మన సైటులో పెడుతుంది. జీతం ఏజెన్సీ ఇస్తుంది, బదిలీ ఏజెన్సీ చేస్తుంది, సెలవు కావాలన్నా ఏజెన్సీనే అడగాలి. అతని పైన ఏరియా మేనేజర్ ఒకరుంటారు, ఆయనకి మనలాంటి సైట్లు ఇంకా ఉంటాయి. కొత్తగా కట్టిన చోటయితే బిల్డర్ సొంత సంస్థే మెయింటెనెన్స్ చూస్తుండవచ్చు, అప్పుడు మేనేజర్ చూపు బిల్డర్ ఆఫీసు వైపే ఉంటుంది. అందుకే ముందు కాంట్రాక్టు కాగితం తెప్పించుకుని చదవండి. దాని మీద సంతకం చేసింది బిల్డరా, అసోసియేషనా? మీ అసోసియేషన్ 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కిందో, 1995 పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కిందో రిజిస్టరై ఉంటే ఒప్పందం దాని పేరు మీదే ఉండాలి. మేనేజర్ చేయాల్సిన పనులు అందులో రాసి ఉన్నాయా? వద్దనుకుంటే ఎన్నాళ్ల ముందు నోటీసు ఇవ్వాలి? ఇవేవీ చూడకుండా మేనేజర్‌తో గొడవకి దిగే కమిటీలే ఎక్కువ. కింది సలహాలన్నీ పుట్టేది కూడా ఆ కాగితం చదవకపోవడం వల్లే.

"గ్రూపులో అందరి ముందు అడగండి, దెబ్బకి దారికొస్తాడు"

అన్నిటికంటే ఎక్కువగా వినిపించే సలహా ఇదే. రాత్రి పదకొండింటికి ఎవరో బేస్‌మెంట్‌లో నీటి మడుగు ఫొటో పెడతారు. "మెయింటెనెన్స్ మాత్రం టైముకి వసూలు చేస్తారు" అని ఒకరు, "మా బ్లాకులోనూ ఇదే కథ" అని మరొకరు. కమిటీ మెంబరు కూడా అందులో దూరి, మేనేజర్‌ని ట్యాగ్ చేసి, "వెంటనే సమాధానం చెప్పండి" అంటారు. మేనేజర్ గ్రూపుని మ్యూట్ చేస్తాడు. తెల్లారేసరికి ఆ ఫొటో మీద పుట్టినరోజు శుభాకాంక్షలు, అద్దెకున్న ఫ్లాటు వివరాలు, పాలు పోసే అతని నంబరు వచ్చి పడతాయి. నీళ్లు ఏ పైపు నుంచి కారుతున్నాయో చూసిన మనిషి ఒక్కరూ ఉండరు.

నలుగురి ముందు తిట్టు తిన్న మనిషి పని నేర్చుకోడు, తప్పించుకోవడం నేర్చుకుంటాడు. పైగా గ్రూపులో పడ్డ ఫిర్యాదుకి నంబరుండదు, దాన్ని ఎవరు తీసుకున్నారో, ఎప్పుడు ముగిసిందో ఎక్కడా ఉండదు. రేపు ఏజెన్సీ మీద చర్య తీసుకోవాలంటే చూపించడానికి మీ దగ్గర మిగిలేది స్క్రీన్‌షాట్లే. మైగేట్, అడ్డా, నోబ్రోకర్‌హుడ్ లాంటి యాప్‌లలో హెల్ప్‌డెస్క్ ఉంటుంది. చిన్న అపార్ట్‌మెంటయితే సెక్యూరిటీ టేబుల్ మీద నంబర్లు వేసిన రిజిస్టరు పెట్టినా సరిపోతుంది. నంబరు లేని ఫిర్యాదుని ఎవరూ పట్టించుకోనక్కర్లేదని గట్టిగా చెప్పండి. ఈ నియమం ప్రెసిడెంటు గారి ఇంటి పంపుకి కూడా వర్తించాలి. ఏ పనికి ఎంత గడువో రాసిపెట్టండి. లిఫ్టులో మనిషి చిక్కుకుంటే ఆ నిమిషమే, బ్లాకు మొత్తానికి నీళ్లు ఆగితే గంటలో, మెట్ల దగ్గర లైటు పోతే మర్నాటికి. ఇంకొకటి, టికెట్ మూసే అధికారం ఫిర్యాదు చేసిన ఇంటివాళ్లకే ఉండాలి. మేనేజరే మూసుకునే వీలుంటే నెలాఖరు రిపోర్టులో అన్నీ పూర్తయినట్టే కనిపిస్తాయి.

టికెట్లు లెక్కపెట్టి కూర్చున్నా సరిపోదని కూడా గుర్తుంచుకోవాలి. ఎవరూ ఫిర్యాదు చేయని పనుల్లోనే పెద్ద నష్టం జరుగుతుంది. హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ ఉన్న కమ్యూనిటీకి కరెంటు బిల్లు కేవీఏహెచ్ లెక్కన వస్తుంది. కెపాసిటర్ ప్యానెల్ పాడై పవర్ ఫ్యాక్టర్ పడిపోతే, వాడింది అంతే అయినా బిల్లు పెరుగుతుంది. లైట్లు వెలుగుతూనే ఉంటాయి కాబట్టి ఏ ఫ్లాటు నుంచీ టికెట్ రాదు. ఫైర్ పంపు గది సంగతీ ఇంతే. హైడ్రెంట్ లైనులో ఎక్కడో లీకేజీ ఉంటే జాకీ పంపు ఊరికే ఆగుతూ తిరుగుతూ ఉంటుంది. ఆ చప్పుడు భరించలేక ఎవరో స్విచ్‌ని ఆటో నుంచి ఆఫ్‌కి తిప్పేస్తారు. అగ్నిప్రమాదం జరిగే రోజు దాకా ఆ స్విచ్ గురించి అడిగే దిక్కుండదు. కమిటీ మెంబరు నెలకోసారి స్వయంగా ఆ గదికి వెళ్లి, మెయిన్ పంపు, జాకీ పంపు, డీజిల్ పంపు మూడూ ఆటోలో ఉన్నాయో లేదో కళ్లతో చూడాలి. గ్రూపులో వంద మెసేజ్‌లు పెట్టేకంటే ఇది మేలు.

"కమిటీలో తలా ఒకరం వెంటపడదాం"

వినడానికి బాగానే ఉంటుంది. మేనేజర్ కుర్చీలో కూర్చుని ఒక పొద్దు గడిపితే తెలుస్తుంది ఇది ఎంత పెద్ద తప్పో. ఆఫీసు తెరవగానే ప్రెసిడెంటు గారి ఫోను, గేటు దగ్గర బోర్డు వంకరగా ఉందని. అది పెట్టేలోపు ట్రెజరర్ ఫోను, డీజిల్ బిల్లు ఎందుకంత పెరిగిందని. ఎ బ్లాకు మేడమ్ జిమ్ ఏసీ సంగతి అడుగుతారు. డి బ్లాకు సారు, సాయంత్రం వినాయకుడి మండపానికి కొలతలు తీసుకోవాలి కాబట్టి ఎలక్ట్రీషియన్‌ని ఖాళీగా ఉంచమంటారు. ఆ ఎలక్ట్రీషియన్ అప్పటికే పంపు గదిలో ఉంటాడు. "ముందు ఇది చూడండి" అని ప్రతి ఒక్కరూ అన్నదే. ఇలాంటి చోట ఏ మేనేజరైనా కొద్ది వారాల్లో ఒక తెలివి నేర్చుకుంటాడు. ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ల పని చేస్తాడు, మిగతావాళ్లకి "రేపు సార్" అంటాడు. మనం పలకని మేనేజర్ అంటున్నది చాలాసార్లు ఈ మనిషినే.

మేనేజర్‌తో మాట్లాడేది కమిటీ తరఫున ఒక్కరే అయి ఉండాలి. మిగతావాళ్లు ఏం చెప్పాలన్నా ఆ ఒక్కరి ద్వారానే చెప్పాలి. వారానికోసారి, ఒకే రోజు, ఒకే వేళకి కూర్చోండి. తెరిచి ఉన్న పనుల జాబితా ముందు పెట్టుకుని, ఏ పని ఎవరిది, ఎప్పటికి అవుతుంది, ఏది ఎందుకు ఆగింది అని అడిగి, ఆ సాయంత్రమే మెయిల్‌లో పంపండి. ఆ మెయిల్‌కి ఏరియా మేనేజర్ కాపీ ఉండాలి. ఇలా నాలుగు వారాలు నడిపితే మనిషి పని చేయలేకపోతున్నాడా, చేయడం లేదా అన్నది బయటపడుతుంది. ఈ రెండింటికీ మందు వేరు.

"ప్రతి రూపాయికీ కమిటీ ఆమోదం ఉండాలి"

ఈ సలహా ఇచ్చేవాళ్లు నిజాయితీపరులే. వెనకటి కమిటీలో డబ్బు గోల్‌మాల్ జరిగిందని విన్నవాళ్లు, కార్పస్ ఫండ్ కరిగిపోయిందని బాధపడినవాళ్లు. అందుకే దీన్ని కాదనడానికి ఎవరికీ నోరు రాదు. కానీ మేనేజర్లు పలకకపోవడానికి నేను చూసినంతవరకు అతి పెద్ద కారణం ఇదే, వాళ్ల చేతిలో ఖర్చుపెట్టే అధికారం లేకపోవడం.

పంపు గదిలో ఒక పంపుకి మెకానికల్ సీల్ పోయి నీళ్లు చుక్కలు చుక్కలుగా కారుతున్నాయనుకోండి. చిన్న సామాను. మేనేజర్ ఇండెంట్ రాస్తాడు. మూడు కొటేషన్లు కావాలంటారు. రెండు వస్తాయి, మూడోవాడు ఇంత చిన్న పనికి రానంటాడు. సెక్రటరీ ఊళ్లో లేరు, ట్రెజరర్ మెయిల్ చూడలేదు. ఈలోగా ఆ నీళ్లు షాఫ్టు వెంబడి బేరింగ్‌లోకి, అక్కడి నుంచి మోటార్‌లోకి పోతాయి. వైండింగ్ కాలుతుంది. సీలుతో పోయేదానికి మోటార్ రీవైండింగ్ దాకా వస్తుంది, పై అంతస్తులకి నీళ్లు అందవు, ట్యాంకర్లు పిలవాలి. అప్పుడు మీటింగులో వచ్చే మొదటి ప్రశ్న, "మేనేజర్ ఏం చేస్తున్నాడు?" అని. అతను ఇండెంట్ రాసి కూర్చున్నాడు. అంతకుమించి చేసే వీలు మనమే ఇవ్వలేదు.

మేనేజర్ చేతిలో ఇంప్రెస్ట్ డబ్బు ఉండాలి. ఎంత అన్నది మీ కమ్యూనిటీ పరిమాణాన్ని బట్టి మీరు తేల్చుకోండి, వారం రోజుల చిన్న రిపేర్లకి సరిపోతే చాలు. బిల్లులు తెచ్చి చూపిస్తే మళ్లీ నింపండి. నీళ్లు, లిఫ్టు, కరెంటు, మురుగు ఈ నాలుగింట్లో ఏది ఆగినా, ఒక పరిమితి దాకా అడగకుండా ఖర్చుపెట్టి ఇరవై నాలుగు గంటల్లో లెక్క చెప్పే హక్కు రాతపూర్వకంగా ఇవ్వండి. ఫ్లోట్ వాల్వులు, కాంటాక్టర్లు, రిలేలు, సీళ్లు స్టోరులో ఎప్పుడూ ఒకటో రెండో ఉండేలా చూడండి. ప్లంబింగ్ సామానుకి, ఎలక్ట్రికల్ సామానుకి ఏడాదికోసారి రేట్లు ఖరారు చేసుకుంటే ప్రతిసారీ మూడు కొటేషన్ల తిప్పలు ఉండవు. లెక్క అడగడం కమిటీ ధర్మం. పని జరిగాక అడిగినా డబ్బు భద్రంగానే ఉంటుంది.

"బిల్లు ఆపితే వాళ్లే పరిగెత్తుకొస్తారు"

దీని గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడుకోవాలి, ఎందుకంటే దీనివల్ల దెబ్బ తినేవాళ్లు మీటింగులో ఉండరు.

మేనేజర్ పలకడం లేదని ఏజెన్సీ నెల బిల్లు ఆపేస్తారు. ఆ బిల్లులో ఏజెన్సీకి మిగిలేది మేనేజ్‌మెంట్ ఫీజు మాత్రమే, అది మొత్తంలో చిన్న వాటా. మిగతాదంతా సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్, ప్లంబర్, ఎలక్ట్రీషియన్, తోటపనివాళ్ల జీతాలు, వాటి మీద పీఎఫ్, ఈఎస్‌ఐ, జీఎస్‌టీ. పెద్ద ఏజెన్సీ అయితే ఒక నెల సర్దుకుంటుంది. చిన్నదైతే సైటు మీద డబ్బు రాలేదని చెప్పి జీతాలు ఆపేస్తుంది. నెల జీతం మర్నెల 7వ తేదీలోపు చేతికి రావాలని చట్టం. బిల్లు ఆగిన సైటులో 15 దాటినా రాదు. లిఫ్టు లాబీ తుడిచే అమ్మ ఆ నెల ఇంటి అద్దెకి ఎవరి దగ్గర చేయి చాచిందో మన కమిటీ మినిట్స్‌లో రాయరు. రాత్రి డ్యూటీ గార్డు జీతం రాలేదని ఇంకోచోట పగటి డ్యూటీ కూడా ఒప్పుకుంటాడు, మన గేటు దగ్గర కునుకు తీస్తాడు, మర్నాడు ఆ ఫొటో కూడా గ్రూపులోకి వస్తుంది. మేనేజర్‌కి మాత్రం ఇందులో పోయేదేమీ లేదు. "కమిటీ బిల్లు ఇవ్వలేదు" అన్న మాట ఒకటి దొరుకుతుంది, ఆ నెలంతా అదే చెబుతాడు.

చట్టం కూడా మన పక్షాన ఉండదు. కాంట్రాక్టరు కార్మికులకి జీతం ఇవ్వకపోతే ఆ బాధ్యత పని చేయించుకున్న అసలు యజమాని మీదకి వస్తుందన్నది 1970 కాంట్రాక్టు లేబర్ చట్టం నుంచి ఉన్న సూత్రం. పీఎఫ్ ఎగ్గొట్టినా ఏజెన్సీని దాటి మన దాకా రావచ్చు. బిల్లు ఆపి మనం గెలిచామనుకునే గొడవ, లేబర్ ఆఫీసు నుంచి నోటీసుతో ముగియవచ్చు.

డబ్బుతో ఒత్తిడి తేవడం తప్పు కాదు, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియాలి. కాంట్రాక్టులో బిల్లుని రెండు ముక్కలు చేయించండి. మనుషుల జీతాల భాగం హాజరు ప్రకారం, టైముకి, ఏ గొడవ ఉన్నా ఇచ్చేయాలి. మేనేజ్‌మెంట్ ఫీజు మాత్రం పనితీరుకి ముడిపడి ఉండాలి. గడువు దాటిన టికెట్లు ఇన్ని ఉంటే ఇంత కోత, వారపు మీటింగుకి రాకపోతే ఇంత, రిలీవర్‌ని పంపకపోతే ఇంత అని ముందే రాసుకోవాలి. ప్రతి బిల్లుతోపాటు మూడు కాగితాలు అడగండి. వేజ్ షీటు, జీతాలు బ్యాంకులో పడిన రుజువు, పీఎఫ్, ఈఎస్‌ఐ చలాన్లు. చలాన్‌లో ఉన్న పేర్లూ మన సైటులో పనిచేసే పేర్లూ ఒక్కటో కాదో చూడండి. తర్వాత ఒకసారి హౌస్‌కీపింగ్ వాళ్లు అన్నం తినే చోటికి వెళ్లి, "జీతం ఎంత పడింది, ఎప్పుడు పడింది?" అని అడగండి. కాగితంలో ఉన్నదానికీ వాళ్లు చెప్పేదానికీ తేడా వస్తే, మేనేజర్ పలకకపోవడం మీ సైటులో చిన్న సమస్య అని అర్థం.

"మనవాణ్ని చేసుకోండి"

పండక్కి కవరు చేతిలో పెట్టమనీ, వాళ్లబ్బాయికి ఉద్యోగం చూస్తామనీ, అలా చేతిలో ఉంచుకోమనీ చెప్పేవాళ్లున్నారు. ఆ మనిషి కవరు ఇచ్చినవాళ్ల ఫ్లాటుకే పలుకుతాడు. కమిటీ మెంబర్ల ఇళ్లలో పనులు ముందు అవుతున్నాయన్న మాట ఒక్కసారి బయటికొచ్చిందంటే ఆ కమిటీ మాట ఎవరూ వినరు. దసరాకి బోనస్ ఇవ్వాలనుకుంటే అసోసియేషన్ ఖాతా నుంచి, అందరికీ, లెక్కలో రాసి ఇవ్వండి.

"ఏజెన్సీనే మార్చి పారేయండి"

జనరల్ బాడీ మీటింగులో చప్పట్లు పడే మాట ఇది. పాత ఏజెన్సీ వెళ్తుంది, కొత్తది వస్తుంది. యూనిఫాం రంగు మారుతుంది. ప్లంబర్ అతనే, గార్డులు వాళ్లే, సూపర్‌వైజర్ కూడా చాలాసార్లు పాతవాడే, ఎందుకంటే కొత్త ఏజెన్సీకి పైపులు ఎక్కడున్నాయో తెలిసినవాళ్లు కావాలి. వెళ్లిపోయేవాడితోపాటు సీసీ కెమెరాల డీవీఆర్ పాస్‌వర్డు, డీజీ (డీజిల్ జనరేటర్) సర్వీసు పుస్తకం, సాఫ్ట్‌నర్ రీజనరేషన్ లెక్క, ఏ వాల్వు ఏ బ్లాకుకన్న జ్ఞానం, తాళాల గుత్తి పోతాయి. మూడు నెలలు గడిచేసరికి కొత్త మేనేజర్ కూడా "రేపు సార్" అంటాడు. కమిటీ తీరు మారలేదు కదా.

మారిస్తే బాగుపడుతుందా అన్నది తేల్చుకోవడానికి ముందు ఇంకొకటి చూడాలి. మేనేజర్ పరిష్కరించలేని సమస్యల కోసం అతన్ని నిందిస్తున్నామా? పోడియం కింద స్లాబు నుంచి కారే నీళ్లు, బాత్‌రూమ్ షాఫ్టుల్లో తప్పుగా వేసిన పైపులు, మొదటి నుంచీ సామర్థ్యం చాలని ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు), ఇవి బిల్డర్ లోపాలు. 2016 నాటి రెరా చట్టం ప్రకారం, ఫ్లాటు స్వాధీనం చేసిన నాటి నుంచి 5 ఏళ్లలోపు నిర్మాణంలోనో పనితనంలోనో లోపం బయటపడి బిల్డర్‌కి తెలియజేస్తే, 30 రోజుల్లో అదనంగా డబ్బు తీసుకోకుండా సరిచేయాలి. కామన్ ఏరియాలకి సంబంధించిన పత్రాలు, ప్లాన్లు అసోసియేషన్‌కి అప్పగించాల్సింది కూడా బిల్డరే. ఈ 5 ఏళ్లు మేనేజర్‌తో కొట్లాడుతూ గడిపేసి, గడువు దాటాక మేలుకునే కమిటీలు ఎన్నో. బిల్డర్‌కి లేఖ ఈ వారమే రాయండి, ఫొటోలు జతచేసి, స్పీడ్ పోస్టులో.

నిజంగా మార్చాల్సిన సందర్భాలు ఉన్నాయి. జీతాల్లో కోత పెట్టడం, చలాన్లు చూపించకపోవడం, లైసెన్సు లేని సెక్యూరిటీని పెట్టడం (2005 చట్టం ప్రకారం ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీకి లైసెన్సు ఉండి తీరాలి), దొంగ లాగ్‌బుక్కులు. ఆఖరిది పట్టుకోవడం తేలిక. ఎస్‌టీపీ లాగ్‌బుక్కు తెరిచి నెల మొత్తం చూడండి. ముప్ఫై రోజులూ ఒకే రీడింగు, ఒకే చేతిరాత, ఒకే పెన్ను అయితే దాన్ని ఒక్క పూటలో కూర్చుని రాశారు. డీజీ లాగ్‌లో గంటలు, డీజిల్ బిల్లులో లీటర్లు పక్కపక్కన పెట్టి చూడండి. ఇలాంటివి దొరికితే మొహమాటం అక్కర్లేదు. తేదీలతో, రుజువులతో, కాంట్రాక్టులోని క్లాజు నంబరుతో ఏరియా మేనేజర్‌కి లేఖ రాయండి, సరిదిద్దుకోవడానికి గడువివ్వండి, గడువు దాటితే నోటీసివ్వండి. నోటీసు కాలంలోనే అప్పగింతల జాబితా తయారు చేయించండి, కొత్తవాళ్లు రెండు వారాలు ముందే వచ్చి పాతవాళ్ల పక్కన నిలబడాలి. యాప్‌లు, మెయిళ్లు, పాస్‌వర్డులు ఎప్పుడూ అసోసియేషన్ పేరు మీదే ఉండాలి. పీఎఫ్ బకాయిలు తేలేదాకా ఏజెన్సీ ఆఖరి మేనేజ్‌మెంట్ ఫీజు ఇవ్వకండి.

"మేనేజర్‌తో పనేంటి, పనివాళ్లకే నేరుగా చెప్పేయండి"

అన్నిటిలోకీ ప్రమాదకరమైన సలహా ఇదే కాబట్టి ఆఖరున పెట్టాను.

మేనేజర్ పలకనప్పుడు మెంబరు కిందికి దిగి, కనిపించిన కుర్రాణ్ని పిలిచి పని చెప్పడం మన దగ్గర మామూలైపోయింది. మొక్కలకి నీళ్లు పట్టమంటే ఫరవాలేదు. ఎస్‌టీపీ పొంగి బేస్‌మెంట్ కంపు కొడుతున్న రోజు, మేనేజర్ ఫోనెత్తని రోజు, "తమ్ముడూ, ఒక్కసారి మూత తీసి లోపల ఏం అడ్డుపడిందో చూడు" అన్నప్పుడు ఏమవుతుందో ఆలోచించండి. చెప్పినవాళ్లు పెద్దమనిషి, ఫ్లాటు ఓనరు, సారు. ఆ కుర్రాడు కాదనలేడు. మురుగు ట్యాంకులో పేరుకునే హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి కంటే బరువు, అడుగునే నిలిచి ఉంటుంది. మోతాదు ఎక్కువైతే ముక్కు దాని వాసన పసిగట్టడం మానేస్తుంది, కాబట్టి వాసన లేదంటే ప్రమాదం లేదని కాదు. దిగిన మనిషి క్షణాల్లో పడిపోతాడు. అతన్ని లాగబోయి దిగిన రెండో మనిషి కూడా పడిపోతాడు. మురుగు ట్యాంకుల్లో చావులు జంటగా, ముగ్గురేసిగా జరగడానికి కారణం ఇది.

2013 నాటి చట్టం, రక్షణ పరికరాలు, జాగ్రత్తలు లేకుండా మురుగు కాల్వలోకి, సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని నేరుగా గానీ పరోక్షంగా గానీ దింపడాన్ని నిషేధించింది. మొదటి తప్పుకే 2 ఏళ్ల దాకా జైలు, 2 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇలాంటి చావులకి పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 10 లక్షల నుంచి 30 లక్షలకి పెంచింది. "మేనేజర్ పలకలేదు, అందుకే నేనే చెప్పాను" అన్నది అక్కడ సమాధానం కాదు. ఆ ఇంట్లోవాళ్ల ముందు అసలే కాదు.

అందుకని పనివాళ్లకి పని చెప్పేది మేనేజరో సూపర్‌వైజరో మాత్రమే అన్న నియమాన్ని కమిటీ తనకి తాను పెట్టుకోవాలి. ఎస్‌టీపీ, సంపు, ఓవర్‌హెడ్ ట్యాంకు, లిఫ్టు గుంట, ట్రాన్స్‌ఫార్మర్ యార్డు, ఈ చోట్లలో పని చేయించమని కమిటీలో ఎవరు అడిగినా మేనేజర్ కాదనవచ్చని రాతపూర్వకంగా ఇవ్వండి. యంత్రాలతో మురుగు తీసే ఏజెన్సీ నంబరు, జలమండలి కస్టమర్ కేర్ 155313 గార్డు టేబుల్ మీద అంటించి ఉంచండి. మేనేజర్ దొరకని రాత్రి ఎవరు నిర్ణయం తీసుకోవాలో, ఆ మనిషి కూడా దొరకకపోతే ఎవరో, ఆ పేర్లు కూడా అక్కడే ఉండాలి.

మేనేజర్‌తో మీ పంచాయితీ ఎప్పటికి తేలుతుందో తేలనివ్వండి. రేపు పొద్దున మాత్రం కిందికి వెళ్లి ఎస్‌టీపీ మ్యాన్‌హోల్ మూతలకి తాళాలున్నాయో లేవో చూడండి. లేకపోతే అదే రోజు వేయించండి.